ఎనిమిదో గడి

ఆ కాగితంలో ఏడు గడులు సర్కారువి. ఎనిమిదో గడి నాది. సోమన్న చావుకు కారణం ఆ ఎనిమిదో గడే. పోలీసులు అడగలేదు, కోర్టులో ప్లీడర్లు అడగలేదు. అడగని మాట చెప్పడానికి నాకప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నా పేరు ఏసుమణి. రాజంపేట దగ్గర మిషన్ కాంపౌండులో పుట్టి, అక్కడే చదివి, ట్రైనింగు పాసయ్యాను. ఉద్యోగం మాత్రం ఆదోనికి పడమర, నల్లరేగడి మధ్యలో ఉన్న పెద్దవంక కొట్టాలలో దొరికింది. ఒకే గది బడి, అరవై ఒక్క మంది పిల్లలు, నేనొక్కతే టీచరమ్మను. ఊళ్ళో రెండు పార్టీలు. పై వీధి మద్దయ్యది, కింది వీధి తిమ్మయ్యది. ఇద్దరికీ పొలాలున్నాయి, ఇద్దరికీ మనుషులున్నారు, తాతల నాటి పగ ఇద్దరికీ సమంగా ఉంది. అది ఏ గట్టు దగ్గర మొదలైందో మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు.

1954 మార్గశిరంలో తిమ్మయ్యను బడి ముందరే నరికారు. పట్టపగలు. నేను ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. మొదటి కేక వినగానే తలుపు మూసి గడియ పెట్టాను. కిటికీ వైపు ఉరికిన పిల్లలను బరికెతో వెనక్కి కొట్టాను. "గట్టిగా చెప్పండి" అన్నాను. బయట కేకలు ఆగేదాకా అరవై ఒక్క మందీ ఏడో ఎక్కమే మళ్ళీ మళ్ళీ చెప్పారు. తలుపు తీసేసరికి నెత్తురు గడప దాటి లోపలికి వచ్చింది. దాన్ని కడగడానికి ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు, నేనే కడిగాను.

పన్నెండో రోజు తిమ్మయ్య కొడుకు సోమన్న, ఇరవై ఏళ్ళవాడు, మద్దయ్య తమ్ముడు బొజ్జన్నను కళ్ళంలో ఒంటరిగా పట్టుకున్నాడు. వేటకొడవలితో మెడ మీద రెండు వేట్లు వేశాడు. బొజ్జన్న జొన్నకంకుల కుప్ప మీదే పోయాడు. సోమన్న ఆ రోజు నుంచి ఊళ్ళో కనపడలేదు. పోలీసులు నెల రోజులు మకాం వేసి, ఊళ్ళో కోళ్ళన్నీ తిని వెళ్ళిపోయారు. వాడు బళ్ళారి వైపు, మైసూరు రాష్ట్రంలోకి పోయాడని అందరూ నమ్మారు. సోమన్న శవం చూసిన రోజే గడ్డం గీయించుకుంటానని మద్దయ్య చావడిలో అందరి ముందూ చెప్పాడు.

అలా ఒకే నెలలో ఇద్దరు ఆడవాళ్ళు బొట్టు చెరుపుకున్నారు. కింది వీధిలో తిమ్మయ్య భార్య గురమ్మ, పై వీధిలో బొజ్జన్న భార్య మల్లక్క.

బడిలో పిల్లలు కూడా రెండు పార్టీలయ్యారు. పై వీధి వాళ్ళు తలుపు వైపు, కింది వీధి వాళ్ళు గోడ వైపు కూర్చునేవాళ్ళు. ఒకడు పలక అంచుతో ఇంకొకడి కనుబొమ చీల్చాడు. నేను ఇద్దరినీ కొట్టాను. కొట్టడం నాకు బాగా వచ్చు. కోపం నాకు పుట్టుకతోనే ఉంది, చేతిలో చింతబరికె ఎప్పుడూ ఉండేది. దెబ్బలతో వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టగలనని నమ్మిన మూర్ఖురాలిని నేను.

ఫిబ్రవరిలో కర్నూలు నుంచి కాగితాల కట్ట వచ్చింది. కొత్త రాష్ట్రంలో ఏ బడిలో ఎన్ని రకాల ఇళ్ళ పిల్లలు కలిసి చదువుతున్నారో లెక్క తీయమన్నారు. పేరు, వయసు, కులం, మతం, ఇంట్లో మాట్లాడే భాష, తల్లిదండ్రుల పని, ఇంట్లో చేసుకునే పండగలు. ఇవీ ఏడు గడులు. లెక్క పూర్తయ్యాక దాన్ని పెద్ద పట్టికగా రాసి, బడి వార్షికోత్సవం నాడు గోడకు పెట్టి ఊరికి చూపాలి. ఇన్‌స్పెక్టరు స్వయంగా వస్తారు.

నాకు ఆ పని ఎంత నచ్చిందో చెప్పలేను. ఇళ్ళ భాష లెక్క కడితే తెలుగు ముప్పై నాలుగు, కన్నడం పదకొండు, ఉర్దూ ఎనిమిది, లంబాడి ఆరు, మరాఠీ రెండు. ఒక్క గదిలో ఐదు భాషలు. బసవన్న అనే లింగాయతుల పిల్లవాడు కన్నడంలో అమ్మ పాడే జోలపాట పాడితే, తండా పిల్ల లంబాడిలో దానికి జవాబుగా ఇంకోటి పాడింది. ఆ పూట రెండు పార్టీల పిల్లలూ పక్కపక్కన కూర్చుని నవ్వారు. అది చూసి నాకు ఆశ పుట్టింది. ఆ ఆశతోనే ఎనిమిదో గడి గీశాను: ఉగాదికి మీ ఇంటికి ఎవరింటి నుంచి ఏం వచ్చింది?

ఒకరినొకరు నరుక్కునే ఈ ఊరు ఒకరి చేతివంట ఇంకొకరు తింటుందని వాళ్ళ కళ్ళకే చూపాలనుకున్నాను. అది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్నాను. వాళ్ళ పిల్లల ముక్కులు తుడిచాను, వాళ్ళ నెత్తురు కడిగాను. ఏ పండక్కీ ఊళ్ళో నుంచి ఒక్క ఓళిగె, మావైపు బొబ్బట్టు అంటారే అది, నా గడప తొక్కలేదు. మాలల ఇంట పుట్టినదాని ఇంటికి ఎవరు పంపుతారు? నాకు తప్ప వీళ్ళు ఎవరెవరికి పంపుకుంటారో తెలుసుకోవాలని కడుపులో మంట. ఆ మంట కూడా ఆ గడిలో ఉంది.

ఉగాది దాటిన వారంలో ఆ గడి నింపడం మొదలుపెట్టాను. నేను అనుకున్నదే తేలింది. మద్దయ్య ఇంటి పక్కవాళ్ళ ఓళిగలూ, కింది వీధి వాళ్ళ ఓళిగలూ ఒకే సాయిబు ఇంట్లో ఒకే గిన్నెలో చేరాయి. తండా నుంచి వచ్చిన మేకకూర లింగాయతుల ఇల్లు తప్ప అన్ని ఇళ్ళకూ పోయింది. అరవై మందికి అరవై జవాబులు వచ్చాయి. ఒక్క దస్తగిరమ్మ గడి ఖాళీగా మిగిలింది.

దస్తగిరమ్మకు ఎనిమిదేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. కింది వీధి చివర అవ్వ హుసేన్‌బీ దగ్గర ఉండేది. ఆ ముసలామె దూదేకి బతికేది. నోట్లో ఒక్క పన్ను లేదు.

"ఏమీ రాలే టీచరమ్మా" అంది దస్తగిరమ్మ.

ఉగాది మర్నాడు దాని నోట్లో ఓళిగె ముక్క నేనే చూశాను. అబద్ధం అంటే నాకు పడదు. ఖాళీ గడి అంటే అంతకంటే పడదు. చెయ్యి చాపమన్నాను. ఒకటి. రెండు. పిల్ల ఏడవలేదు, పెదవి కొరుక్కుంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. మూడు. నాలుగు. అరచేయి చిట్లి నెత్తురు కనపడింది. ఐదో దెబ్బకు నోరు విప్పింది.

"గురమ్మవ్వ ఇంట్లో నుంచి. ఓళిగలు."

"ఎన్ని?"

"పదారు."

రాసుకున్నాను. "నిజం చెప్పడం ఎంత సులువో చూశావా?" అన్నాను. పిల్ల అరచేయి వైపే చూస్తూ పోయి తన చోట కూర్చుంది.

అప్పుడు నాకు తెలియనిదీ, తర్వాత తెలిసిందీ ఇక్కడే చెప్పేస్తాను. సోమన్న మైసూరు పోలేదు. హుసేన్‌బీ పెరట్లో పాతరలో ఉన్నాడు. పాతర అంటే రెండు నిలువుల లోతు తవ్వి జొన్నలు పోసుకునే గుంత. మూతి ఒక మనిషి దూరేంత, దాని మీద బండ, బండ మీద మట్టి. చాలాకాలం మూసిన పాతరలో గాలి మనిషిని చంపుతుంది. అందుకని ముసలామె దాన్ని తెరిచిపెట్టి, తాడుకు దీపం కట్టి దించి, అది ఆరిపోలేదని చూసుకున్నాకే నిచ్చెన వేసి వాణ్ణి దింపింది. ఒకప్పుడు ఆమె కొడుకూ కోడలూ కలరాతో పోతే, ఎవరూ దగ్గరికి రాని ఆ శవాలను తిమ్మయ్య మోశాడు. ఆమె దాన్ని మరిచిపోలేదు. నాలుగు నెలలుగా సోమన్న పగలంతా, గాలికి బండ కింద సందు వదిలిన ఆ గుంతలో కూర్చుని, కొంగు చాటున గురమ్మ తెచ్చిన రొట్టె తిని బతుకుతున్నాడు.

పాతరలో మనిషి ఉన్నాడని నోరెత్తొద్దని దస్తగిరమ్మతో ప్రమాణం చేయించారు. అది ఎత్తలేదు. ఓళిగల మాట ఎత్తొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్ల తనంతట తానే దాచాలని చూసింది. దెబ్బలకు ఓర్చుకోలేక, ఇదైతే ఫరవాలేదనుకుని చెప్పింది.

ఆ ఓళిగల్లో తేడా నేను ఎందుకు కనిపెట్టలేకపోయానంటే, మా కాంపౌండులో ఈ ఊరి చావు ఆచారం లేదు. మా ఇళ్ళలో మనిషి పోతే మూడో రోజు ప్రార్థన చేసి పొయ్యి వెలిగిస్తాం. నెల తిరక్కుండా క్రిస్మసు వస్తే ఏడుస్తూనే అయినా తీపి వండుతాం. ఈ ఊళ్ళో అలా కాదు. మొగుడో కొడుకో పోయిన ఇంట్లో ఏడాది నిండేదాకా పండగ లేదు, తీపి లేదు, ఓళిగె తట్టడం లేదు. గురమ్మ ఇంట్లో అప్పటికి నాలుగు నెలలే అయింది. ఊళ్ళో చంటిపిల్లకు తెలిసిన సంగతి. అరవై ఒక్క ఇళ్ళ పండగలు గడుల్లో నింపిన నాకు తెలియలేదు.

ఏప్రిల్ ఆఖరులో వార్షికోత్సవం పెట్టాను. నాలుగు అట్టలు కలిపి కుట్టి, రంగు సిరాలతో రాసిన పట్టికను బడి బయటి గోడకు తగిలించాను. ఇన్‌స్పెక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిదో గడి చూసి చాలా మెచ్చుకున్నాడు. అట్టలు చూసి తన పుస్తకంలోకి ఆ వరసంతా ఎక్కించుకున్నాడు. రెండు పార్టీల వాళ్ళూ వచ్చారు. పిల్లలు తమ వాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తమ వరస చదివి వినిపిస్తుంటే నా గుండె నిండింది.

మల్లక్క గుంపులోకి రాలేదు. దూరంగా, వేపచెట్టు నీడలో నిలబడింది. మూడో తరగతి చదివే ఆమె కూతురు అమ్మను బతిమాలి గోడ దగ్గరకు లాక్కొచ్చింది. తన వరస చదివింది, తర్వాత ఉత్సాహంగా కింది వరసలన్నీ చదవసాగింది.

"ఎవురింటి నుంచి అంటివి?" అంది మల్లక్క దస్తగిరమ్మ వరస దగ్గర.

"గురమ్మ ఇంటి నుంచి, ఓళిగలు పదారు."

"మళ్ళా సదువు."

కూతురు మళ్ళీ చదివింది. మల్లక్క తన బోడి చేతులకేసి కాసేపు చూసుకుంది. తర్వాత కుర్చీల దగ్గర కూర్చున్న మద్దయ్య వైపు తిరిగింది.

"బావా, ఉగాదినాడు మనింట్లో ఏం వండినారు?"

"ఏం వండుతారమ్మా, ఏడాది కాకపాయె" అన్నాడు మద్దయ్య.

"దాని ఇంట్లో గూడా కాలే. మొగుడు సచ్చిన ఇంట్లో పదారు ఓళిగలు ఎవురికి తట్టింది? పండ్లు లేని ఆ ముసిల్దానికా?"

మద్దయ్య లేచాడు. గడ్డం అప్పటికి రొమ్ము మీదికి దిగింది. గోడ దగ్గరకు వచ్చి, చదవడం రానివాడైనా ఆ గడి మీద వేలు పెట్టాడు.

"టీచరమ్మా, ఈ ల్యాక్క నిజమేనా?"

"ఒక్క గడి కూడా తప్పు లేదయ్యా. అన్నీ పిల్లల నోటితోనే చెప్పించి రాశాను" అన్నాను. గర్వంగా అన్నాను.

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. అతని వెనకే ఒకరొకరుగా పై వీధి మగవాళ్ళు లేచారు. నాకు అర్థమైంది అప్పుడు కాదు. వాళ్ళు తమ ఎద్దుల బండి దగ్గరకు పోయి, చొప్ప కింద నుంచి వేటకొడవళ్ళు తీసినప్పుడు కూడా పూర్తిగా అర్థం కాలేదు. దస్తగిరమ్మ ముఖం చూశాక అర్థమైంది. పిల్ల నిలబడ్డచోటే ఉచ్చ పోసుకుంది.

"ఆ గుంతలో సోమన్నమామ ఉండాడు టీచరమ్మా" అంది.

అరవై ఒక్క మందినీ గదిలోకి నెట్టి, బయట గడియ పెట్టాను. "ఏడో ఎక్కం, గట్టిగా" అని కేకేసి పరుగెత్తాను. వట్టి చేతులతో వచ్చిన కింది వీధి మగవాళ్ళు కొడవళ్ళు చూసి చెదిరిపోయారు. ఇన్‌స్పెక్టరు ఏమైందని అడుగుతూనే జట్కా ఎక్కాడు.

నేను పోయేసరికి హుసేన్‌బీ గుమ్మానికి అడ్డంగా, దూదేకే విల్లు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "ఈడ ఎవురూ లేరప్పా, ముసిల్దాని ఇల్లప్పా" అంటోంది. గొడ్డలి కర్ర కామతో ఒకడు ఆమె మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. విల్లు కిందపడింది, ఆమెను తొక్కుకుంటూ లోపలికి పోయారు. పెరట్లో కొత్తగా కదిపిన మట్టి ఎక్కడుందో చూడటానికి వాళ్ళకు ఎంతోసేపు పట్టలేదు. నలుగురు కలిసి బండ పక్కకు దొర్లించారు.

"పైకి రారా" అన్నాడు మద్దయ్య.

ఎవరూ పైకి రాలేదు. ఒకడు జొన్నచొప్ప మోపు అంటించి గుంతలోకి తోశాడు. తర్వాత ఇంకో మోపు, ఇంకోటి. నేను మద్దయ్య చెయ్యి పట్టుకున్నాను. "అయ్యా, నేను తప్పు రాశాను, ఆ లెక్క అబద్ధం" అన్నాను. అతను నా వైపు చూడను కూడా చూడలేదు. వెనక నుంచి ఎవరో గొడ్డలి కామతో నా ఎడమ చెవి మీద కొట్టారు. నేలమీద పడ్డాను. ఆ చెవి ఇప్పటికీ వినపడదు.

కింద పడి ఉండే చూశాను. పొగలో నుంచి ముందు రెండు చేతులు వచ్చాయి. చర్మం ఊడిన చేతులు, మూతి అంచు పట్టుకున్నాయి. మొదటి వేటు ఆ చేతుల మీదే పడింది. అయినా మోచేతులు ఆనించి పైకి లేచాడు, నడుం దాకా వచ్చాడు. దగ్గు ఆగడం లేదు. ముఖం మసి, జుట్టు అంటుకుంది. ఏదో అనబోయాడు. మద్దయ్య మెడ మీద రెండు వేట్లు వేశాడు. రెండే వేశాడు. తమ్ముడికి పడినన్నే. తర్వాత మిగిలినవాళ్ళు ఒంటి మీద ఎన్ని వేశారో నేను లెక్కపెట్టలేదు.

బడి వైపు నుంచి ఏడో ఎక్కం వినపడుతూనే ఉంది.

గురమ్మ అప్పుడు వచ్చింది. పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషి, కాళ్ళకు రేగడిమన్ను అంటి ఉంది. కొడుకు పక్కన కూలబడి, మండుతున్న వాడి జుట్టును ఉత్త చేతులతో ఆర్పింది. గోడ పక్కన మల్లక్క నిలబడి ఉంది. కోరుకున్నది కళ్ళారా చూసింది. చూసి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మద్దయ్య ఆ సాయంత్రమే చావడి అరుగు మీద కూర్చుని, మంగలిని పిలిపించి గడ్డం గీయించుకున్నాడు. పోలీసులు వచ్చేసరికి నున్నటి ముఖంతో ఎదురొచ్చాడు.

కేసు నడిచింది. ఐదుగురికి శిక్ష పడింది. హుసేన్‌బీ చెయ్యి అతకలేదు, ఇక దూదేకలేకపోయింది. మనవరాలిని తీసుకుని ఆదోనిలో బంధువుల ఇంటికి పోయింది. పోయేముందు దస్తగిరమ్మ బడికి వచ్చి పలక నా బల్ల మీద పెట్టింది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. నాలాంటి కోపిష్టిదానికి ఆ మాట అంత సులువుగా రాదు. చింతబరికె విరిచి పొయ్యిలో పెట్టాను. పట్టిక కూడా పెట్టాను. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఒక నకలు ఉందన్న సంగతే గుర్తు రాలేదు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. కర్నూలు నుంచి మళ్ళీ కాగితాలు వచ్చాయి. ఈసారి అచ్చులో ఎనిమిది గడులున్నాయి. పెద్దవంక కొట్టాల బడి టీచరు గారి ఆలోచన చాలా బాగుందనీ, ఈ ఏటి నుంచి అన్ని బడులూ ఆ గడి నింపాలనీ పైన ఉత్తరం. ఆ గడి తీసేయమని, ఒక మనిషి చచ్చాడని రెండు ఉత్తరాలు రాశాను. ఫారాలు అచ్చయిపోయాయని జవాబు వచ్చింది. నా బడి వరకు ఏడు గడులు నింపి, ఎనిమిదోది ఖాళీగా వదిలేశాను.

ఉగాది మర్నాడు, పాఠం మధ్యలో, గురమ్మ బడిలోకి వచ్చింది. ఏడాదిగా ఆమె నాతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే నేనే పక్కకు తప్పుకునేదాన్ని. కొంగు కింద నుంచి ఇత్తడి తట్ట తీసి నా బల్ల మీద పెట్టింది. కాలిపోయి అతికిన వేళ్ళతో పైన కప్పిన గుడ్డ తీసింది. ఓళిగలు.

"పదారు ఉండాయి. ల్యాక్క పెట్టుకో" అంది.

"గురమ్మా, ఏడాది కాలేదు కదా" అన్నాను. ఇప్పుడు నాకు ఆ ఆచారం తెలుసు.

"కాలే. ఇంకా కొన్ని దినాలుండాయి." ఆమె గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది. "మొగుడు సచ్చిన యేడు కొడుకు కోసరం తట్టినా. నాలుగు నెలలు సీకట్లో ఉండాడు, పండగపూట తీపి తింటానమ్మా అన్న్యాడు. కొడుకు సచ్చిన యేడు నీ కోసరం తట్టినా. పండక్కి నీ ఇంటికి ఎవురింటి నుంచి ఏం వచ్చెనో రాసుకో టీచరమ్మా."

పిల్లలు చూస్తున్నారు. ఐదేళ్ళలో ఊళ్ళో నుంచి నాకు వచ్చిన మొదటి వంట అది. నేను ఒకటి తీసుకుని తిన్నాను. ఆమె కదల్లేదు. రెండోది తిన్నాను. ఐదోదానికి గొంతు పట్టేసింది. ఆమె పోయి కుండలో నీళ్ళు ముంచి తెచ్చి, నా చేతికిచ్చింది. మళ్ళీ నిలబడింది. పదహారోది మింగేదాకా నిలబడే ఉంది. తర్వాత ఖాళీ తట్ట కొంగుతో తుడుచుకుని, వచ్చిన దారినే పోయింది.

పిల్లలను ఇళ్ళకు పంపి ఫారం తీశాను. అందరి పేర్ల కింద ఇంకొక వరస గీశాను. పేరు ఏసుమణి. వయసు ముప్పై ఒకటి. కులం, మతం, భాష, పని, పండగ, అన్నీ రాశాను. ఎనిమిదో గడిలో, గురమ్మ ఇంటి నుంచి, ఓళిగలు పదహారు అని రాశాను. మిగిలిన వరసలన్నింటిలో ఆ గడి ఖాళీగానే ఉంచి, కర్నూలుకు పోస్టు చేశాను. దానికి ఏ జవాబూ రాలేదు.